అమెరికన్ లీజియన్, ఊరూరా దాని పోస్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరి మధ్యలో పాత ఫిరంగి, జెండా స్తంభం ఉన్న ఆ భవనం ఏమిటి?

అమెరికాలో చిన్న పట్టణాలకు వెళ్లినవారిలో చాలామందికి వచ్చే మొదటి సందేహం ఇది. గోడ మీద 'అమెరికన్ లీజియన్ పోస్టు' అని రాసి, పక్కన ఒక అంకె ఉంటుంది. బయటి బోర్డు మీద శుక్రవారం చేపల వేపుడు భోజనమనో, బుధవారం బింగో అనో కనిపిస్తుంది. క్లబ్బు కాబోలు అనుకుని దాటిపోతారు. లోపల బారు, బిలియర్డ్స్ బల్ల ఉండే చోట్లు చాలానే కాబట్టి ఆ ఊహ పూర్తిగా తప్పు కాదు. అసలు అది మాజీ సైనికుల సంఘానికి ఊరి శాఖ. ఇక్కడ 'పోస్టు' అంటే సైనిక స్థావరం, తపాలాతో దానికి సంబంధం లేదు. ఇలాంటివి దేశమంతటా పన్నెండు వేలకు పైగా ఉన్నాయి.

ఈ సంఘం ఎక్కడ పుట్టింది?

పారిస్‌లో. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరు 11న ఆగిపోయింది. అప్పటికి ఫ్రాన్స్‌లో దాదాపు ఇరవై లక్షల మంది అమెరికన్ సైనికులు ఉన్నారు. అందరినీ ఒకేసారి ఇంటికి చేర్చడానికి ఓడలు చాలవు. యుద్ధం అయిపోయింది, ప్రయాణం మొదలు కాలేదు, రోజూ అదే బురదలో అదే కవాతు. సైన్యం మనసు చెదిరిపోతోందని గ్రహించిన పెద్దలు 1919 ఫిబ్రవరిలో కొందరు అధికారులను పారిస్‌కు పిలిచి సలహా అడిగారు. వారిలో మాజీ అధ్యక్షుడి కుమారుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ జూనియర్ ఒకడు. మాజీ సైనికులకు ఒక సంఘం ఉండాలన్న ఆలోచనను ముందుకు తెచ్చింది అతడే.

మార్చి 15 నుంచి 17 వరకు పారిస్‌లోనే మొదటి సభ జరిగింది. మే నెలలో సెయింట్ లూయిస్‌లో స్వదేశంలోని వారి సభ. అక్కడ రూజ్‌వెల్టే అధ్యక్షత వహించాలని సభ అంతా కేకలు వేసింది. రాజకీయ లాభం కోసమే ఇదంతా చేశాడన్న మాట పడుతుందని అతడు ససేమిరా అన్నాడు. సెప్టెంబరు 16న అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చార్టరు, అంటే చట్టపరమైన గుర్తింపు పత్రం, ఇచ్చింది. నవంబరులో మినియాపొలిస్‌లో మొదటి జాతీయ మహాసభ జరిగి, ప్రధాన కార్యాలయం ఇండియానాపొలిస్‌లో ఉండాలని తీర్మానించింది. పుట్టుక నుంచి నడక వరకు అంతా ఎనిమిది నెలల పని.

అంతకు ముందు అమెరికాలో మాజీ సైనికుల సంఘాలు లేవా?

ఉన్నాయి. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడినవారు 1866లో ఇలినాయ్‌లోని డెకేటర్‌లో గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్ అనే సంఘం పెట్టుకున్నారు. 1890 నాటికి అందులో నాలుగు లక్షలకు పైగా సభ్యులు. మే నెలాఖరులో సమాధుల మీద పూలు ఉంచే మెమోరియల్ డే ఆనవాయితీని దేశమంతటా పాదుకొల్పింది ఆ సంఘమే. దాని అధిపతి జనరల్ జాన్ లోగన్ 1868లో ఆ మేరకు ఆజ్ఞ జారీ చేశాడు.

అయితే ఆ సంఘంలో చేరడానికి ఆ ఒక్క యుద్ధంలో పనిచేసినవారే అర్హులు. చివరి సభ్యుడు ఆల్బర్ట్ వూల్సన్ 1956లో కన్నుమూయడంతో సంఘం కూడా ముగిసింది. లీజియన్‌కూ అదే గతి పట్టేదే. 1942లో చార్టరును సవరించి రెండో ప్రపంచ యుద్ధ సైనికులకు తలుపు తెరిచారు. తండ్రులు కట్టిన హాల్లో కొడుకులు కుర్చీలు వేసుకున్నారు. లీజియన్ నూరేళ్లు దాటిందంటే ఈ సవరణే కారణమని నా అభిప్రాయం.

వీఎఫ్‌డబ్ల్యూ అన్నా ఇదేనా?

కాదు. వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్ వేరే సంఘం, వయసులో పెద్దది. దాని మూలాలు 1899లో ఒహాయోలోని కొలంబస్‌లో ఉన్నాయి. అందులో చేరాలంటే విదేశీ గడ్డ మీదో విదేశీ జలాల్లోనో యుద్ధ సేవ చేసి ఉండాలి. లీజియన్‌కు ఆ నిబంధన లేదు. చాలా ఊళ్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకే మనిషి రెండింట్లో సభ్యుడిగా ఉండడమూ మామూలే.

పోస్టుకు ఆ పేరు, ఆ అంకె ఎలా వస్తాయి?

అంకె రాష్ట్ర శాఖ ఇస్తుంది. చిన్న అంకె ఉంటే సాధారణంగా అది పాత పోస్టు. ఆ అంకె గురించి సభ్యులకు ఉండే గర్వం ఇంతా అంతా కాదు.

పేరు ఊరివాళ్లు ఎంచుకుంటారు. బతికి ఉన్నవారి పేరు పెట్టకూడదన్నది నియమం. అందుకే చాలా పోస్టులు ఆ ఊరి నుంచి వెళ్లి యుద్ధంలో మొదట చనిపోయిన యువకుడి పేరు మోస్తుంటాయి. బయటివారికి ఆ పేరుతో పరిచయం ఉండదు. అరిజోనాలోని సకటన్‌లో ఉన్న పోస్టు మాత్రం ఇందుకు భిన్నం. దానికి రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దీవి ఐవో జిమా మీద అమెరికా జెండా నిలబెట్టినవారిలో ఒకడైన పీమా తెగ సైనికుడు ఐరా హేస్ పేరు పెట్టారు. ఆ జెండా నిలబెడుతున్న ఛాయాచిత్రం ప్రపంచమంతా తిరిగింది. అతడు మాత్రం 1955 జనవరిలో సొంత ప్రాంతంలోనే, ముప్పై రెండేళ్ల వయసులో చనిపోయాడు.

సమావేశంలో ఏం చేస్తారు? ఆ ఖాళీ కుర్చీ ఎవరిది?

నెలకోసారి జరిగే సమావేశం చూసేవారికి కాస్త పాతకాలపు తంతులా అనిపిస్తుంది. పోస్టుకు అధిపతి అయిన కమాండర్ చిన్న సుత్తితో బల్ల మీద కొడతాడు. చాప్లిన్ అనే మత పెద్ద ప్రార్థన చేస్తాడు. కార్యదర్శి లాంటి అడ్జుటెంట్ గత సమావేశపు మినిట్స్ చదువుతాడు. ఫైనాన్స్ ఆఫీసర్ లెక్కలు చెబుతాడు. ఆ తర్వాత పైకప్పు కారుతోందని ఒకరు, కాఫీ యంత్రం పాడైందని ఒకరు.

ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది. దాని మీద నల్లటి గుడ్డ పరిచి ఉంటుంది. గుడ్డ మీద తల వంచిన మనిషి నీడ, వెనక కాపలా బురుజు. యుద్ధ ఖైదీలుగా చిక్కినవారికి, ఆచూకీ తెలియకుండా పోయినవారికి ఆ కుర్చీ. 1985 నుంచి లీజియన్ అధికారిక సమావేశాలన్నింటిలోనూ ఇలా ఒక కుర్చీ ఉంచాలన్న తీర్మానం అమల్లో ఉంది. హాలు ఎంత నిండినా, వెనక ఎందరు నిలబడినా అందులో ఎవరూ కూర్చోరు.

సర్వీస్ ఆఫీసర్ అంటే ఎవరు?

పోస్టులో అందరికన్నా ఉపయోగపడే మనిషి ఎవరని నన్నడిగితే కమాండర్ పేరు చెప్పను, ఇతని పేరే చెబుతాను.

సైన్యంలో ఉన్నప్పుడు చెవులు దెబ్బతిన్న మనిషికి పింఛను రావాలంటే, ఆ వినికిడి లోపం అప్పటి ఉద్యోగం వల్లే వచ్చిందని మాజీ సైనికుల శాఖకు నిరూపించాలి. విడుదల పత్రం కావాలి, వైద్య నివేదికలు కావాలి, ఒక్కోసారి పక్కన పనిచేసినవాడి వాంగ్మూలం కావాలి. విడుదల పత్రాన్ని వాళ్లు 'డీడీ 214' అనే ఫారం పేరుతోనే పిలుస్తారు. ఆ కాగితం పోగొట్టుకున్నవాడు, ఏ గడిలో ఏం రాయాలో తెలియనివాడు, ఒకసారి తిరస్కరించారని విసిగి వదిలేసినవాడు, భర్త పోయాక తనకు ఏమైనా వస్తుందో లేదో తెలియని భార్య — వీళ్లంతా వచ్చి కూర్చునేది సర్వీస్ ఆఫీసర్ బల్ల ముందు. పోస్టులో ఉండే ఆయన మొదటి మెట్టు. గుర్తింపు పొందిన ప్రతినిధులు రాష్ట్ర, జిల్లా స్థాయిలో ఉండి అర్జీని చివరిదాకా నడిపిస్తారు. రుసుము లేదు. లీజియన్ సభ్యుడు కానివారికి కూడా చేస్తారు.

జీఐ బిల్లును లీజియన్ రాసిందంటారు. నిజమేనా?

జీఐ బిల్లు అంటే రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు చదువు, భృతి, ఇంటి అప్పు సదుపాయాలు ఇచ్చిన చట్టం. దాన్ని లీజియన్ రాసిందన్నది చాలావరకు నిజమే. అలా రాయడానికి వెనక ఒక పాత గాయం ఉంది.

మొదటి యుద్ధం నుంచి వచ్చినవారికి 1924లో ఒక చట్టం చేశారు. స్వదేశంలో పనిచేసిన రోజుకు ఒక డాలరు, విదేశంలో అయితే డాలరుం పావు చొప్పున లెక్క కట్టారు. చిన్న మొత్తాలు తప్ప మిగతాదంతా 1945లో చెల్లిస్తామని పత్రాలు ఇచ్చారు. ఈలోగా ఆర్థిక మాంద్యం వచ్చింది. 1932లో వేల మంది మాజీ సైనికులు డబ్బు ఇప్పుడే ఇవ్వమని వాషింగ్టన్ చేరి గుడారాలు వేసుకుంటే, సైన్యాన్ని పంపి తరిమేశారు. ఇందులో లీజియన్ జాతీయ నాయకత్వం తలెత్తుకునే పనేమీ చేయలేదు. అంతకు ముందటి ఏడాదే అధ్యక్షుడు హూవర్ స్వయంగా వచ్చి అడిగితే, తక్షణ చెల్లింపు డిమాండును పక్కన పెట్టింది. కింద పోస్టుల్లో ఉన్న మామూలు సభ్యుల్లో మాత్రం చాలామంది గుడారాల వైపే ఉన్నారు.

రెండో యుద్ధం ముగింపుకు వస్తున్నప్పుడు ఆ జ్ఞాపకం అందరిలోనూ ఉంది. 1943 చివర్లో ఇలినాయ్‌లోని సేలం పట్టణపు పోస్టులో కొందరు కూర్చుని, తిరిగి వచ్చేవారికి ఏమేం కావాలో కాగితపు చేతి రుమాళ్ల మీద రాసుకున్నారని చెబుతారు. చట్టానికి పుట్టిల్లు తమ ఊరేనని సేలం వారి వాదన. ముసాయిదాను పూర్తి రూపంలో రాసింది మాత్రం లీజియన్ మాజీ జాతీయ కమాండర్, కాన్సస్ న్యాయవాది హ్యారీ కోల్మెరీ. వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్ గదిలో కూర్చుని చేత్తో రాశాడు. చట్టం అసలు పేరు నోరు తిరగనిది. జీఐ బిల్లు అన్న పేరు లీజియన్ ప్రచార విభాగంలో పనిచేసిన జాక్ సెజ్నార్ పెట్టింది.

1944 జూన్‌లో ఉభయ సభల సంయుక్త సంఘంలో బిల్లు ఇరుక్కుపోయింది. నిరుద్యోగ భృతి విషయంలో ఓట్లు సమానంగా చీలాయి. తేల్చగలిగిన సభ్యుడు జాన్ గిబ్సన్ జార్జియాలో ఇంటి దగ్గర ఉన్నాడు. లీజియన్ వాళ్లు రేడియోలో ప్రకటనలు ఇప్పించి, పోలీసుల సాయం తీసుకుని, అర్ధరాత్రి అతన్ని పట్టుకున్నారు. కారులో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు, అక్కడి నుంచి విమానంలో వాషింగ్టన్‌కు తరలించారు. మర్నాడు ఉదయం అతడు వచ్చి ఓటు వేయడంతో బిల్లు బయటపడింది. జూన్ 22న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేశాడు.

చదువుకు ఏడాదికి 500 డాలర్ల వరకు రుసుము, ఒంటరివారికి నెలకు 50 డాలర్ల ఖర్చులు, ఉద్యోగం దొరికేదాకా వారానికి 20 డాలర్ల చొప్పున ఏడాది పాటు భృతి, ఇంటి అప్పుకు ప్రభుత్వ హామీ. 1956 నాటికి 78 లక్షల మంది ఈ చట్టం కింద చదువో శిక్షణో పొందారు. వారిలో 22 లక్షల మంది కళాశాలలకు వెళ్లారు.

ఆ మేలు అందరికీ సమానంగా అందిందా?

లేదు. అప్పు ఇచ్చేది ఊరి బ్యాంకు, సీటు ఇచ్చేది ఊరి కళాశాల. దక్షిణాదిలో ఆ రెండూ నల్లజాతి సైనికులకు తలుపులు మూశాయి. లీజియన్ చేతులు కూడా శుభ్రంగా లేవు. ఎవరిని చేర్చుకోవాలో రాష్ట్ర శాఖలకు వదిలేయడంతో దక్షిణాదిలో నల్లవారిని దూరం పెట్టారు, లేదా వేరే పోస్టు పెట్టుకోమన్నారు. ఆ వేరే పోస్టులే తర్వాత వాళ్ల వాడలకు సభాస్థలాలయ్యాయి.

మొదటి ఏడాదిలోనే మరో మచ్చ ఉంది. 1919 నవంబరు 11న వాషింగ్టన్ రాష్ట్రంలోని సెంట్రేలియాలో ఊరేగింపు సమయాన లీజియన్ సభ్యులకు, ఐడబ్ల్యూడబ్ల్యూ కార్మిక సంఘానికి మధ్య ఘర్షణ జరిగింది. నలుగురు లీజియన్ సభ్యులు తూటాలకు బలయ్యారు. ఆ రాత్రి గుంపు జైలులోంచి వెస్లీ ఎవరెస్ట్ అనే కార్మికుణ్ణి లాక్కెళ్లి ఉరి తీసింది. ముందు ఎవరు మొదలుపెట్టారన్న వాదన వందేళ్లు దాటినా తెగలేదు. ఆ ఊళ్లో ఇప్పుడు రెండు పక్షాల స్మారకాలూ ఉన్నాయి.

స్త్రీలకు మొదటి నుంచీ సభ్యత్వం ఉందా?

ఉంది. 1919లోనే సైన్యంలో చేరి పనిచేసిన స్త్రీలు లీజియన్ కమాండర్ ఎన్నికలో ఓటు వేయగలిగారు. దేశాధ్యక్షుడి ఎన్నికలో దేశమంతటా స్త్రీలకు ఓటు వచ్చింది ఆ మరుసటి ఏడాది. అలాగని పెత్తనం ఇచ్చారని కాదు. ఒక స్త్రీ, డెనీస్ రోహన్, జాతీయ కమాండర్ కావడానికి 2017 దాకా పట్టింది.

బేస్‌బాల్‌కూ మాజీ సైనికులకూ ఏమిటి సంబంధం?

1925లో దక్షిణ డకోటాలోని మిల్‌బ్యాంక్ అనే చిన్న ఊళ్లో జరిగిన రాష్ట్ర సభలో, పిల్లలకు బేస్‌బాల్ జట్లు పెడదామని తీర్మానించారు. దుస్తులు, బంతులు, ప్రయాణ ఖర్చులు పోస్టు భరిస్తుంది. పేద ఇంటి పిల్లవాడికి ఇది పెద్ద అవకాశం. సెయింట్ లూయిస్‌లో ఇటలీ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన యోగీ బెర్రా ఒక పోస్టు జట్టులో ఆడే పైకి వచ్చాడు.

నాకు నచ్చిన కథ మాత్రం పెద్ద ఆటగాళ్లది కాదు. 1928లో ఇండియానాలోని బ్లాన్‌ఫర్డ్ అనే బొగ్గు గనుల ఊరి జట్టులో మార్గరెట్ జిసోలో అనే పధ్నాలుగేళ్ల అమ్మాయి ఆడింది. ఆమె కొట్టిన దెబ్బతో జట్టు గెలిచింది. ఓడినవాళ్లు, అమ్మాయిని ఎలా ఆడిస్తారని ఫిర్యాదు చేశారు. నియమాల్లో అమ్మాయిలు ఆడకూడదని ఎక్కడా లేదని తేలడంతో ఆమెను ఆడనిచ్చారు, జట్టు రాష్ట్ర విజేత అయింది. మరుసటి ఏడాది ఆ నియమాన్ని చేర్చారు.

ఆటలు కాక 1935లో ఇలినాయ్‌లో బాయ్స్ స్టేట్ మొదలైంది. ఉన్నత పాఠశాల విద్యార్థులు వారం రోజులు ఒక ఊహా రాష్ట్రాన్ని నడుపుతారు. పార్టీలు, ఎన్నికలు, చట్టసభ అన్నీ ఉంటాయి. అందులోంచి ఎంపికైనవారు వాషింగ్టన్ వెళతారు. 1963 జూలైలో అలా వెళ్లిన ఆర్కన్సా కుర్రాడు బిల్ క్లింటన్ వైట్‌హౌస్ తోటలో అధ్యక్షుడు కెన్నడీతో చేయి కలిపాడు. ఆ ఫొటో తర్వాత ఎంత పనికొచ్చిందో చెప్పనక్కరలేదు.

పోస్టు ముందున్న డబ్బాలో చిరిగిన జెండాలు ఎందుకు వేస్తారు?

జెండా మర్యాదల నియమావళి కోసం 1923 జూన్ 14న వాషింగ్టన్‌లో సభ ఏర్పాటు చేసింది లీజియనే. 1942లో కాంగ్రెస్ దాన్ని చట్టంలో చేర్చింది. దాని ప్రకారం ఎగరేయడానికి పనికిరాని జెండాను గౌరవంగా, వీలైతే కాల్చి, తొలగించాలి. ఇంటి పెరట్లో ఆ పని చేయడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే డబ్బాలో వేస్తారు. పోస్టు వాళ్లు జూన్ 14న ఒక్కొక్కటీ పరిశీలించి, సెల్యూట్ చేసి, మంటలో వేస్తారు.

అంత్యక్రియల్లో తుపాకులు పేల్చేది సైన్యమా, వీళ్లా?

2000 జనవరి నుంచి అర్హులైన ప్రతి మాజీ సైనికుడి అంత్యక్రియలకు కనీసం ఇద్దరు సైనికులను పంపడం చట్టం ప్రకారం తప్పనిసరి. వాళ్లు జెండా మడిచి ఇస్తారు, 'ట్యాప్స్' అనే ఇరవై నాలుగు స్వరాల బాకా పాట వినిపిస్తారు. తుపాకులు పేల్చే జట్టు చాలా చోట్ల ఊరి పోస్టుదే. సైన్యం అరువిచ్చిన పాత రైఫిళ్లు, వాటిలో ఉత్త మందు తూటాలు.

జట్టులో ఉండేవారికి డెబ్బై ఏళ్లు, ఎనభై ఏళ్లు. జనవరి చలిలో మంచు మీద వరుసగా నిలబడతారు. మోకాళ్లు వణుకుతుంటాయి, రైఫిల్ ఎత్తేటప్పుడు మాత్రం అన్నీ ఒకేసారి లేస్తాయి. మూడుసార్లు పేలుస్తారు. ఏడుగురు ఉంటే మొత్తం ఇరవై ఒకటి అవుతుంది కాబట్టి దీన్ని ఇరవై ఒక్క ఫిరంగుల వందనమని పొరబడతారు. అది ఫిరంగులతో దేశాధినేతలకు చేసేది. ఇక్కడ పేరు 'మూడు వాలీలు'. తర్వాత ఒకరు వంగి గడ్డిలోంచి ఇత్తడి గుళ్ల తొడుగులు ఏరతారు. వాటిలో మూడు కుటుంబానికి ఇవ్వడం చాలా చోట్ల ఉన్న అలవాటు. పెట్టె మీద పరిచిన జెండాను పదమూడు మడతలు పెడితే చివరికి నీలం రంగు, నక్షత్రాలు మాత్రమే కనిపించే ముక్కోణం మిగులుతుంది. ఇచ్చే మనిషి కుటుంబం ముందు ఒక మోకాలి మీద వంగి, రెండు చేతులతో అందిస్తాడు.

ఆ కాగితపు ఎర్ర పూలు అమ్ముతారా?

అమ్మరు, విరాళానికి ఇస్తారు. యుద్ధభూమిలో పూసిన గసగసాల పువ్వును గుర్తుగా ధరించాలన్న ఆలోచన 1918లో జార్జియా ఉపాధ్యాయిని మొయినా మైఖేల్‌ది. 1920లో లీజియన్ దాన్ని స్వీకరించింది. మరుసటి ఏడాది మనసు మార్చుకుని డైసీ పువ్వు అంది, 1922లో మళ్లీ మొదటికి వచ్చింది. సంఘాల తీర్మానాలు ఎక్కడైనా ఇంతే కాబోలు. ఆ డబ్బు మాజీ సైనికుల, వారి కుటుంబాల అవసరాలకు వెళుతుంది.

లీజియనెయిర్స్ అనే జబ్బుకు ఆ పేరు వీరి వల్లే వచ్చిందా?

అవును. 1976 జూలైలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో పెన్సిల్వేనియా శాఖ సభ జరిగింది. ఇళ్లకు వెళ్లిన సభ్యులు జ్వరం, ఊపిరితిత్తుల వ్యాధితో పడిపోవడం మొదలైంది. మొత్తం 221 మంది జబ్బు పడ్డారు, 34 మంది చనిపోయారు. ఆరు నెలల తర్వాత జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త దానికి కారణమైన కొత్త బ్యాక్టీరియాను గుర్తించాడు. దాని పేరు లీజియొనెల్లా న్యుమోఫిలా.

ఎవరు చేరవచ్చు?

2019 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం, 1941 డిసెంబరు 7 తర్వాత అమెరికా సైన్యంలో ఒక్క రోజైనా క్రియాశీల సేవ చేసి, గౌరవంగా విడుదలైనవారు, లేదా ఇంకా సేవలో ఉన్నవారు. అంతకు ముందు ప్రకటిత యుద్ధ కాలాల మధ్య పనిచేసినవారిని పక్కన పెట్టేవారు. కుటుంబ సభ్యులకు ఆగ్జిలరీ, సన్స్ ఆఫ్ ది అమెరికన్ లీజియన్ అనే అనుబంధ సంఘాలు ఉన్నాయి. వంటగది నడిచేది ఎక్కువగా వాళ్ల చేతుల మీదే.

సభ్యులు తగ్గిపోతున్నారన్నది నిజమేనా?

నిజమే. 1946లో ముప్పై లక్షలకు పైగా ఉన్న సంఖ్య ఇప్పుడు ఇరవై లక్షల లోపు. 1973 నుంచి నిర్బంధ సైనిక సేవ లేదు, కాబట్టి సైన్యం నుంచి వచ్చేవారే తక్కువ. వియత్నాం నుంచి వచ్చినవారిలో కొందరికి పాత యుద్ధాల పెద్దలు కొన్ని హాళ్లలో ముఖం చిట్లించారు. ఆ చేదు చాలాకాలం ఉంది. ఇప్పటి యువతకు సిగరెట్ పొగ అంటిన బారు కన్నా పిల్లల్ని తీసుకురాగల చోటు కావాలి. ఇది గ్రహించిన పోస్టులు నిలబడుతున్నాయి. గ్రహించనివి హాలు అమ్ముకుంటున్నాయి.

మానకుండా చేస్తున్న పనుల్లో ఒకటి 'బడ్డీ చెక్'. జాబితా ముందు పెట్టుకుని, కొంతకాలంగా కనబడని సభ్యులకు ఒక్కొక్కరికీ ఫోను చేస్తారు. ఎలా ఉన్నావు, మందులు తెచ్చుకున్నావా, ఎవరైనా తోడు ఉన్నారా అని అడుగుతారు. మాజీ సైనికుల ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్న దేశంలో ఆ ఫోను చిన్న విషయం కాదు. ఆపదలో ఉన్నవారికి 988కి ఫోను చేసి 1 నొక్కమని కూడా చెబుతారు. అది మాజీ సైనికుల సహాయ కేంద్రం.

ఒక పోస్టు చరిత్ర తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గోడ దగ్గర. చట్రంలో బిగించిన చార్టరు మీద మొదటి సభ్యుల పేర్లు ఉంటాయి. పక్కన వరుసగా మాజీ కమాండర్ల ఫొటోలు. పోస్టుకు హిస్టోరియన్ అనే పదవి ఉంటుంది. ఆ మనిషి దగ్గర పత్రికా కత్తిరింపులు అతికించిన లావుపాటి పుస్తకాలు ఉంటాయి, తరచుగా ఇంటి అటక మీద. ఆ తర్వాత గ్రంథాలయంలో ఊరి పత్రిక పాత సంచికలు, శ్మశానంలో పేర్లు. వెళ్లడానికి మెమోరియల్ డే మంచి రోజు, అంటే మే నెల చివరి సోమవారం. కాస్త పెందలాడే వెళ్లండి. ఆ ఉదయమంతా జెండా సగం ఎత్తులోనే ఉంటుంది. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకు ఎవరో ఒకరు వచ్చి తాడు లాగి స్తంభం చివరి దాకా ఎత్తుతారు. పుస్తకం ఎవరింట్లో ఉందో సాధారణంగా ఆ మనిషికి తెలుస్తుంది.